కొస పాకలో చినుకులు

కొత్తపట్నం అవతల ఓ పల్లెపాలెం ఉంది. అక్కడ కొస పాక పేరెత్తితే మీసాలు తిరిగిన మగాళ్ళు కూడా గొంతు తగ్గిస్తారు. వాన లేని రాత్రి లోపల చినుకులు పడతాయట... అవి వాన నీళ్ళు కావట.

తెల్లదొరల కాలంలో అది పోలయ్య అలివి వల పాక. నూలుతో అల్లిన పెద్ద వల. సముద్రంలో చుట్టూ పరిచి, ఊరంతా రెండు తాళ్ళు పట్టి ఒడ్డుకి లాగేవాళ్ళు. ఒకరోజు అందులో చేపలతో పాటు పోలయ్య శవం వచ్చింది.

ఆ వలని మళ్ళీ ఎవరూ కడగలేదు. పాకలో దూలానికి వేలాడదీశారు. ఆత్మ బయటికి రాకుండా ప్రతి అమావాస్యకీ గుమ్మంలోంచే దాని మీద గుప్పెళ్ళతో రాళ్ళుప్పు చల్లి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాళ్ళు. అలా తరాలు గడిచాయి.

రెండువేల సంవత్సరం దాటాక ఆ జాగా మీద రొయ్యల చెరువుల వాళ్ళ కన్ను పడింది.

“అది మా తాత జాగా,” అంది అంకమ్మ. పోలయ్య మునిమనవడి పెళ్ళాం. మొగుడు పోయాక ఉప్పుచేపలమ్ముకుంటూ, వాళ్ళ వసారాలో వీళ్ళ పంచలో కూతురితో తలదాచుకుంటోంది.

“మీదైతే కాపురముండాలిగా?” అన్నాడు ఊరి పెద్ద చెంచయ్య. “తెల్లారితే వాళ్ళకి మాటిచ్చేస్తాం.”

“అయితే ఈ రాత్రే ఉంటా మామా.”

కూతుర్ని తెలిసినవాళ్ళింట్లో పడుకోబెట్టి, లాంతరు, చాప పట్టుకుని పాకలోకెళ్ళింది. బయట మబ్బు, సముద్రం మీంచి తడిగాలి. లాంతరు కొండెక్కింది.

టప్...

“ఎవరది?” చీకట్లో పైకి చూసింది.

టప్... ఈసారి చేతి మీద. చల్లగా.

లేచి గుమ్మం దాకా పరిగెత్తింది — ఆగింది. ఇది దాటితే బిడ్డకి గూడు లేదు. ఎక్కడలేని కోపం ముంచుకొచ్చింది.

“ముసలోడా! ఊరంతా చాలక నువ్వూ నన్ను తరుముతావా?”

వెనక్కొచ్చి రెండు చేతులా వల పట్టుకుంది. తడి... వేళ్ళు నాలిక్కి తగిలించి చూసింది. ఒట్టి ఉప్పు!

పగలబడి నవ్వింది. మబ్బు పట్టినప్పుడల్లా తన ఉప్పు బస్తాలు నీరు కారడం ఆమెకు కొత్తా? ఊరు చల్లిన ఉప్పే తేమ పీల్చి చినుకులైంది. చినుకులకి జడిసి ఊరు ఇంకా ఉప్పు చల్లింది.

పొద్దున చెంచయ్య వచ్చేసరికి బోరింగు దగ్గర వల జాడిస్తోంది.

“ఇదిగో మామా మీ దెయ్యం. నాకి చూడు,” అని తడి చెయ్యి చాపింది. ఆయన నాకలేదు. రొయ్యల వాళ్ళకి జాగా ఇస్తానన్న మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

వల బాగా ఎండాక దాన్ని మళ్ళీ దూలానికే కట్టి, కూతుర్ని తెచ్చుకుంది. ఆ రాత్రి వలలో ఉప్పు రవ్వ లేదు. గాలిలో తేమా లేదు. పిల్ల నిద్రపోయింది.

టప్...

అంకమ్మ ముసుగు సందులోంచి చూసింది. పైన వల మెల్లగా ఊగుతోంది. పిల్లని దగ్గరికి లాక్కుని, ముసుగు తియ్యకుండానే అంది —

“ఉంటే ఉండు తాతా. జాగా మాత్రం నాది. రేపు ఆ రొయ్యల చెరువోళ్ళు మళ్ళీ వస్తారంట... వాళ్ళకొకసారి కనపడు.”