సిగ్గుబోను

చీకటి పడ్డాక మా ఊరి పాత టౌన్‌హాలు పక్క నుంచి ఎవరూ ఒంటరిగా నడవరు. కారణం దాని గోడ పక్కనున్న ఇనుప బోను. వేళకాని వేళలో వీధిలో దొరికిన ఆడవాళ్లని ఒకప్పుడు అందులో నిలబెట్టి ఊరంతా చూసి నవ్వేవారట. పేరే సిగ్గుబోను. అందులోనే ప్రాణం విడిచిన ఒకామె చలికాలంలో ఇప్పటికీ కనిపిస్తుందనీ, దగ్గరికి రమ్మని చెయ్యి చాస్తుందనీ అంటారు.

నేను నమ్మను. అయినా చుట్టుదారినే ఇంటికి వెళ్తాను... అది వేరే సంగతి.

ఈ సంగతి నాకు మా పక్కింటి గేజా చెప్పాడు. అతని కూతురు వ్లాస్తాని చేసుకుంటానని రాజధాని బ్రాటిస్లావా నుంచి రాదోవాన్ అనే కుర్రాడు వచ్చాడు. పిల్ల తల్లి తెరేజియా ఇంకా ఊఁ అనలేదు. "ముందు మనిషిని చూడనీ" అంది. తీరా అతను వచ్చేసరికి ఆవిడ ఇంట్లో లేదు, ఊళ్లో ఏదో పని మీద వెళ్లింది. రాత్రి భోజనాల వేళ దాకా ఊరికే కూర్చోవడం ఎందుకని వ్లాస్తా అతన్ని టౌన్‌హాలు చూపించడానికి తీసుకెళ్లింది.

లోపల కులాసాగానే తిరిగాడు. చెక్కడాల పైకప్పు కింద నిలబడి ఈల వేశాడు. ఎవరూ కూర్చోకుండా తాడు కట్టి ఉంచిన పాతకాలపు న్యాయాధికారి కుర్చీలో కూడా కూర్చోబోయాడు. టికెట్లిచ్చే ఆవిడ కసిరింది.

"లేవయ్యా. ఇవాళ లూసియా రోజు, మాకూ ఇళ్లూ వాకిళ్లూ ఉన్నాయి. వెళ్లేటప్పుడు బోను వైపు పోకండి."

"ఏం, పట్టుకుంటుందా?"

"నీలాంటి వాళ్లనే పట్టుకుంటుంది."

లూసియా రోజంటే ఏమిటో అతను అడగలేదు. "నేనుండగా నీకేం భయం" అని వ్లాస్తా చెయ్యి పట్టుకుని, కావాలనే బోను వైపు నడిచాడు.

బయట అప్పటికే చీకటి. మంచు పడుతోంది. టౌన్‌హాలు కమానుల కింద ఒక్క దీపం లేదు...

బోనులో ఎవరో ఉన్నారు.

తెల్లటి బట్టలు. తెల్లటి ముఖం — కనుబొమ్మలు కూడా తెలుపే. పెదవి కదపలేదు. కమ్మీల మధ్య నుంచి ఒక చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. అందులో ఏదో తెల్లగా ఊగింది... రా, రా అన్నట్టు.

వ్లాస్తా ఏదో చెప్పబోయింది.

"పద... పద..." అన్నాడు గుసగుసగా. అంతే — పరుగు. చర్చి దాటాడు, సందులోకి తిరిగాడు. వెనక్కి చూస్తే ప్రాణాలు పోతాయనిపించింది. వ్లాస్తా చెయ్యి మాత్రం పిడికిట్లో ఉంది, అదొక్కటే ధైర్యం. "అయిపోయింది, వచ్చేశాం" అని దారంతా ఆమెకి చెబుతూనే ఉన్నాడు.

గేజా తలుపు తీశాడు. "అమ్మాయేది?"

"ఇదిగో, తీసుకొచ్చాను కదండీ" అని పిడికిలి ముందుకు లాగాడు.

అందులో ఎర్రటి ఉన్ని చేతితొడుగు ఉంది... ఖాళీది.

గేజా కోటు తీసుకునే లోపే తలుపు మళ్లీ తెరుచుకుంది. ఆ తెల్లటి ముఖమే! రాదోవాన్ బల్ల చాటుకి వెళ్లిపోయాడు. ఆమె అతని వైపు చూడలేదు. చేతిలోని బాతు రెక్కతో గది మూలలన్నీ ఊడ్చింది. లూసియా రోజున మా ఆడవాళ్లు ముఖానికి పిండి పూసుకుని, ఇల్లిల్లూ తిరిగి చెడుని ఊడ్చేది ఇలాగే. ఆఖరి ఇల్లు అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఈసారి ఈవిడ బోను కూడా ఊడ్చేద్దామని లోపలికి వెళితే వెనక గడియ పడిపోయింది. అరవకూడదు కాబట్టి రెక్క ఊపింది.

వెనకే వ్లాస్తా కుంటుతూ వచ్చింది. అతను లాగిన లాగుడికి మంచులో జారిపడింది. లేచి గడియ తీసింది ఆమే.

ఇదే ఆఖరి ఇల్లు. ఊడ్చడం అయ్యాక ఆవిడ ముఖం తుడుచుకుంది. పిండి కింద తెరేజియా.

"నన్ను చూసి జడుసుకున్నావు బాబూ, అందులో తప్పులేదు" అంది నెమ్మదిగా. "కానీ అంత దూరం ఆ తొడుగు పట్టుకొచ్చావే... లోపల చెయ్యి లేదని తెలీలేదా?"

రాదోవాన్‌కి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. తల ఎత్తలేక, క్షమించమన్నట్టు వ్లాస్తా వైపు చెయ్యి చాచాడు.

వ్లాస్తా ఆ చేతిలోంచి తొడుగు మాత్రం తీసుకుంది.

"చలేస్తోంది" అంది, తొడుక్కుంటూ.