ఐసు ఫ్యాక్టరీ దగ్గర పెట్టె

సూర్యలంకలో ఎవర్నడిగినా చెబుతారు — సరుగుడు తోపులో ఉన్న పాత ఐసు ఫ్యాక్టరీ దగ్గర పొద్దుగూకాక నిలబడకూడదని. ఎప్పటి తుపానులోనో పోయినవాళ్లని అక్కడి ఐసులో పెట్టారట. ఫ్యాక్టరీ మూతపడి ఏళ్లయింది. కప్పు గాలికి పోయింది, మిషన్లు దొంగలెత్తుకుపోయారు. అయినా చీకటి పడితే లోపల ఐసు కొట్టే చప్పుడు వినబడుతుందట. టక్... టక్... టక్.

మిషన్లు మోసుకుపోయిన దొంగలకి అది ఎందుకు వినబడలేదో మాత్రం ఎవరూ చెప్పరు.

ఊరు ఊరంతా నమ్మినా రాఘవులు నమ్మేవాడు కాదు. చేపల వ్యాపారి, నోరున్న మనిషి. టీకొట్టులో గ్లాసు చేతికొస్తే ఉపన్యాసమే.

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఒక్కటంటే ఒక్కటి చూపించండి, ఈ మీసం తీసేస్తా!"

ఇలా అనే మనిషి పగలు ఆ తోపు దారినే మోపెడ్ మీద పోయేవాడు. చీకటి పడితే మాత్రం పెద్ద రోడ్డు పట్టేవాడు. అదేంటి మావా అంటే, "ఆ దారిలో గుంతలెక్కువరా" అనేవాడు. ఆ గుంతలు పగలు ఎక్కడికి పోతాయో చెప్పేవాడు కాదు.

ఆ ఆదివారం తెల్లవారి, ఎప్పట్లాగే చేపల పెట్టె వెనక కట్టుకుని బాపట్ల బయల్దేరాడు. తోపులో దారికి అడ్డంగా లావుపాటి మోకు పడుంది. పడవలు కట్టే తాడే కదా, ఎవరిదో బండి మీంచి జారిందనుకుని దాని మీదుగానే పోనిచ్చాడు.

మోకు లేచింది.

మోపెడ్ ఒకవైపు, రాఘవులు ఒకవైపు, పెట్టె గుంతలోకి. చూస్తే... కొండచిలువ. రెండుసార్లు మెలికలు తిరిగి, మెల్లగా చాపలా పరుచుకుపోయి, ఇక కదల్లేదు.

పెట్టె సంగతీ చేపల సంగతీ మరిచి మోపెడ్ ఎక్కి ఇంటికి పారిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు? కూతురు నాగవేణికి నెలలు నిండాయి. బాపట్ల ఆసుపత్రిలో ఉంది. ఆ పిల్ల పుట్టిందే పుట్టకి మొక్కి, పాలు పోసి, ప్రదక్షిణాలు చేస్తే. అవన్నీ పెళ్లాం వెంకటసుబ్బులు చేసిందని ఊళ్లో చెప్పుకునేవాడు గానీ, పాలచెంబు మోసింది తనే. ఇప్పుడు కడుపుతో ఉన్న కూతురిని పెట్టుకుని పామును చంపాడు. ఆ పగ ఎవరి మీదికి పోతుందో ఆయనకి తెలుసు.

పొద్దుగూకాక వెంకటసుబ్బులు ఫోన్ చేసింది. "నెప్పులెక్కువయినయ్. బిడ్డ అడ్డం తిరిగిందంటున్నారు. ఎక్కడున్నా వచ్చెయ్."

పెద్ద రోడ్డు చూస్తే గుంటూరు కార్లు, తెనాలి కార్లు. సముద్రం చూడ్డానికొచ్చినవాళ్లంతా ఒక్కసారే ఇంటికి బయల్దేరారు. సైకిలు కూడా దూరేట్టు లేదు.

ఇక మిగిలింది తోపు దారే.

లైటు సన్నగా కొడుతోంది. సరుగుడు చెట్లు గాలికి ఊళ పెడుతున్నాయి. దెయ్యం లేదు, భూతం లేదు అని పైకే అనుకుంటూ పోతున్నాడు. ఐసు ఫ్యాక్టరీ గోడ కనబడింది. అప్పుడు —

టక్... టక్... టక్.

మోపెడ్ ఆగిపోయింది. రాఘవులు ఆపలేదు.

గోడ పక్కన లాంతరు. దాని వెనక ఎవరో పొడుగాటి మనిషి, అటు తిరిగి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ముందు తవ్విన గొయ్యి. ఆ మనిషి నేలతో మాట్లాడుతున్నాడు... తెలుగు కాదు, ఇంగ్లీషు కాదు. ముంత వంచి నేల మీద ఏదో పోశాడు. పక్కన తెల్లగుడ్డ కప్పిన పెట్టె.

గాలికి గుడ్డ తొలిగింది. పెట్టె మీద అక్షరాలు.

రాఘవులు. సూర్యలంక.

తన పేరు.

మోపెడ్ వదిలేసి వెనక్కి తిరగబోయాడు. కింద పడ్డప్పుడు "అమ్మో" అన్న మాట ఆయన నోటిదే. ఆ మనిషి లాంతరెత్తి దగ్గరికొచ్చాడు.

"పడ్డారా మావయ్యా? దెబ్బ తగిలిందాండి?"

దెయ్యం అండి అంటుందా?

బాపట్లలో వ్యవసాయం మీద పై చదువు చదివే కుర్రాడు, ఒబియోరా. ఉప్పునేల మట్టి తీసుకెళ్లడానికి తోపుకి వస్తుంటాడు. నైజీరియావాడు, అక్కడి ఇగ్బో తెగవాడు. టీకొట్టు వాళ్లు ఒబ్బయ్య అంటారు.

"ఎవరికయ్యా... ఈ పెట్టె?" రాఘవులు అడిగాడు.

"కొండచిలువకండి. ఎవరో తొక్కించేసి పోయారు. మా ఊళ్లో అది మా ఏటితల్లి ఇదెమిలి అమ్మ బిడ్డ. ఇంట్లోకొచ్చినా కొట్టం. తెలియక చంపినా సరే, చంపినవాడే మనిషికి చేసినట్టు అన్నీ చెయ్యాలి. పెట్టె, కొత్తగుడ్డ, కల్లు. చెయ్యకపోతే నేలతల్లికి కోపం. ఆ మనిషి ఎవరో తెలియదు కదండి... నేనే చేస్తున్నా. ఈ పెట్టె గుంతలో దొరికింది. మేకులు కొట్టాను. దీని మీద ఏంటి రాసుంది? నాకు మీ అక్షరాలు రావండి."

రాఘవులు అక్షరాల మీది మట్టి తుడిచాడు.

"చంపినవాడి పేరు" అన్నాడు. "అది నేనే."

ఒబియోరా తిట్టలేదు. ముంత చేతికిచ్చాడు. "అయితే మీరే పోయాలి."

టీకొట్టు హేతువాది ఐసు ఫ్యాక్టరీ గోడ పక్కన, చీకట్లో, తన పేరున్న పెట్టె మీద తాటికల్లు పోశాడు. "తెలియక చేశానమ్మా. నా బిడ్డ జోలికి రాకు" అని గొణిగాడు. ఇద్దరూ కలిసి పెట్టె గోతిలో దించారు. మట్టి వేస్తూ ఒబియోరా మెల్లగా అన్నాడు:

"మావయ్యా, మా పాస్టరు గారితో అనకండి. ఆదివారం ప్రార్థన చేసొచ్చి ఈ పనేంటంటారు."

"నువ్వు మా టీకొట్టులో అనకు."

ఫోన్ మోగింది. వెంకటసుబ్బులు. "ఆడపిల్ల! బిడ్డ దానంతటదే సర్దుకుందంట, డాక్టరమ్మే ఆశ్చర్యపోయింది. ఎక్కడ చచ్చావ్ నువ్వు?"

"చావు దగ్గరే ఉన్నానే."

"ఎవరిది?"

"దూరపు చుట్టం."

మోపెడ్ ఒక్క తన్నుకే అంటుకుంది. ఎక్కబోతుంటే కుర్రాడు గుర్తుచేశాడు. "చంపినవాడు జుట్టు తీయించుకోవాలండి. మా ఊళ్లో బిడ్డ పుడితే, పోయినవాళ్లలో ఎవరు తిరిగొచ్చారు అని కూడా అడుగుతారు. మీరూ ఇంట్లో అడగండి."

ఆ రాత్రి ఆసుపత్రిలో, మైల అని చెప్పి, బిడ్డను దూరం నుంచే చూశాడు. తెల్లారి మంగలి షాపులో గుండుకి మనసొప్పక, తనలో తనే బేరమాడి, మీసం తీయించుకున్నాడు.

టీకొట్టులో అందరూ మీసం లేని ఆ పైపెదవి వంకే చూశారు.

"మావా... కనబడిందా?"

పామని చెబితే పగ సంగతి చెప్పాలి. దెయ్యమని చెబితే మీసం సంగతి సరిపోతుంది. రాఘవులు ఆలోచించాడు.

"కనబడింది" అన్నాడు.

ఆ రోజు నుంచి తోపు దారిలో పగలు కూడా ఎవరూ పోవడం లేదు. ఆయన ఒక్కడు తప్ప. చేపలు అందరికంటే ముందు బాపట్ల చేరుతున్నాయి.

మీసం తీసిన రోజు సాయంత్రమే తలస్నానం చేసి ఆసుపత్రికెళ్లి, బిడ్డను మొదటిసారి ఒళ్లోకి తీసుకున్నాడు. వెంకటసుబ్బులు పొంగిపోతోంది. "అచ్చం మా అమ్మే. మా అమ్మే మళ్లీ వచ్చింది!"

రాఘవులుకి ప్రాణం కుదుటపడింది. అత్తగారితో ఎలాగైనా వేగవచ్చు.

బిడ్డ కళ్లు తెరిచి, రెప్ప వేయకుండా ఆయన్నే చూసింది. చూసి చూసి... నాలుక బయటికి పెట్టింది. టక్కున లోపలికి లాక్కుంది.

మళ్లీ పెట్టింది.