కన్నతల్లి వేసిన రిట్

"తలుపు తియ్యండి బావగారూ! ఒక్కసారి... ఒక్కసారి నా బిడ్డ మొహం చూసి వెళ్ళిపోతాను!"

అరచేతులు కందిపోతున్నా ఆమె ఆ ఇనుప గేటును బాదుతూనే ఉంది. మేడమీద గదికి బయటినుంచి తాళం. ఆ మూసిన కిటికీ వెనకే తన బుల్లి ఉంది! రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేసుకుంటూ, ఇల్లంతా నవ్వులతో నింపే పిల్ల... తనతో పనిచేసే అబ్బాయిని పెళ్ళి చేసుకుంటానని నోరు తెరిచి చెప్పిన పాపానికి, కన్నతండ్రే ఫోను లాక్కుని, రెక్క పుచ్చుకుని ఈడ్చుకొచ్చి అన్నగారింట్లో పడేశాడు!

"దాని మనసు మారేదాకా ఎవరికీ కనపడదు. నువ్వు ఇంటికి పోమ్మా," అన్నాడు బావగారు, గేటు అవతలే నిలబడి.

పోలీసు స్టేషనులో ఎస్సై తల కూడా ఎత్తలేదు. "తండ్రి దగ్గరుంటే కేసేంటమ్మా? ఇంటి గొడవ ఇంట్లోనే తేల్చుకోండి!"

చివరికి బుల్లితో ల్యాబులో పనిచేసే స్నేహితురాలే ఆ తల్లిని ప్లీడరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది.

"మీ అమ్మాయి మేజరేనా?"

"ఇరవై నాలుగు నిండాయమ్మా..."

"అయితే ఆమెను బంధించే హక్కు కన్నవాళ్ళకైనా లేదు. హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్ వేద్దాం. ఆ మనిషిని తెచ్చి మా ముందు నిలబెట్టండని కోర్టే ఆజ్ఞాపిస్తుంది. కాకపోతే..." ప్లీడరమ్మ గొంతు తగ్గించింది. "మీ ఆయన్ని ప్రతివాదిగా చూపించాలి."

కట్టుకున్నవాడిమీద కేసా? ఆ తల్లి కళ్ళు తుడుచుకుంది... మళ్ళీ నిండాయి... ఆ మసకలోనే సంతకం పెట్టింది!

నోటీసు అందిన రోజు ఆయన ఇల్లు అదిరేలా అరిచాడు. "నన్ను కోర్టుకీడుస్తావుటే! నా పరువు బజారున పడేశావు కదే!"

"పరువు పోతే మళ్ళీ సంపాదించుకుందామండీ... పిల్ల పోతే ఎక్కణ్ణించి తెస్తారు?"

కోర్టుకి బుల్లిని తీసుకొచ్చారు. బుగ్గలు పీక్కుపోయి, కళ్ళు గుంటలు పడి... తల ఎత్తదే! "తన ఇష్టంతోనే ఉందండీ," అన్నాడు తండ్రి తరఫు లాయరు.

జడ్జిగారు అందర్నీ బయటికి పంపేసి, పిల్లతో విడిగా మాట్లాడారు. వరండాలో బావగారు తల్లి పక్కకొచ్చి నిలబడ్డాడు. "నేను చెప్పమన్నదే చెబుతుంది. నవ్వులపాలయ్యేది నువ్వే!"

ఆమె గోడకు జారగిలబడింది. నిజంగానే భయపెట్టేశారేమో... 'నాకిక్కడే బాగుంది' అంటుందేమో... అంటే ఇక ఏ తలుపు తట్టాలి?

మళ్ళీ లోపలికి పిలిచారు.

"ఎక్కడికి వెళ్ళాలనుందో అందరిముందూ చెప్పమ్మా," అన్నారు జడ్జిగారు.

"నా స్నేహితురాలి గదికండీ... నా ఉద్యోగానికి." గొంతు వణికింది, మాట వణకలేదు!

"ఈమె స్వతంత్రురాలు. ఈమెను అడ్డుకునే అధికారం ఎవరికీ లేదు. పోలీసులు రక్షణ కల్పించాలి."

తల్లికి ఆ తర్వాతి మాటలేవీ వినపడలేదు. బిడ్డను గుండెలకు హత్తుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

మెట్ల దగ్గర భర్త నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని, ఉన్నట్టుండి ముసలివాడైపోయినట్టు... "పద, ఇంటికి పోదాం," అన్నాడు, ఏమీ జరగనట్టే.

బుల్లి తల్లి చెయ్యి పట్టుకుంది. "నువ్వెక్కడికెళ్తావమ్మా?"

పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తనను అడిగినవాళ్ళే లేరు! భర్త దగ్గరికెళ్ళి, ఆ గుండీలు విప్పి సరిగ్గా పెట్టింది.

"వేళకి భోంచెయ్యండి. నేను పిల్లతో వెళ్తున్నాను."

"ఎన్నాళ్ళు?" అన్నాడాయన.

"మీరు చెప్పాలండీ ఆ మాట. అది భయం లేకుండా మన గడప తొక్కగలిగిన రోజు కబురు పెట్టండి... పరిగెత్తుకొస్తాను!"

ఆయన అక్కడే మెట్టుమీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకున్నాడు. వెనక్కి తిరిగితే ఆగిపోతానని ఆమెకు తెలుసు. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఏడుస్తూనే మెట్లు దిగింది.