అరవై నాలుగు కోర్ల అమ్మాయి

“కంప్యూటర్ షాపని ఇంత పెద్ద బోర్డు పెట్టి, మెమరీ లేదంటారేంటండీ?”

ఆ గొంతు విని అతను తలెత్తాడు. తలెత్తడమే పొరపాటైంది. చేతిలోని బుల్లి స్క్రూ జారి మదర్‌బోర్డు సందులో ఎక్కడో నక్కింది. అది దొరకడానికి రెండు రోజులు పట్టింది. పోయిన మనశ్శాంతి మాత్రం అంత తొందరగా దొరకలేదు.

అతన్ని వీధి వీధంతా డాక్టర్ అంటుంది. చదివింది వైద్యం కాదు లెండి, చచ్చిపోయిన కంప్యూటర్లని బతికిస్తాడని ఆ పేరు. షాపు మేనత్తది. ఆవిడ కౌంటర్లో కూర్చుంటుంది, అతను వెనక బెంచీ దగ్గర కంప్యూటర్లు బిగిస్తుంటాడు. మౌస్‌కీ కీబోర్డుకీ తేడా అడిగితే ఆవిడ తడుముకుంటుంది గానీ, మనిషి మొహం చూసి మనసులో ఏముందో చెప్పమంటే ఇట్టే చెప్పేస్తుంది.

“మెమరీ ఉందండీ,” అన్నాడు డాక్టర్, గొంతు సవరించుకుని. “మీ చీటీలో ఉన్నది సర్వర్ మెమరీ. మామూలు కంప్యూటర్‌కి అది పట్టదు.”

“నాది మామూలు కంప్యూటర్ అని ఎవరన్నారు? సర్వర్ ప్రాసెసర్. అరవై నాలుగు కోర్లు!”

ఆ చెప్పడం ఎలా ఉందంటే, కడుపున పుట్టిన బిడ్డకి క్లాసులో ఫస్టు ర్యాంకు వచ్చినట్టు ఉంది. కోర్ అంటే ప్రాసెసర్‌కి ఉన్న పనిమనిషి అనుకోండి. ఎన్ని కోర్లుంటే అన్ని పనులు ఒకేసారి చేస్తుంది. మనం ఇళ్ళలో వాడే వాటికి ఆరో ఎనిమిదో ఉంటాయి. అరవై నాలుగంటే మాటలు కాదు.

“అబ్బో! ఇంట్లో రాకెట్లు ఏమైనా వదులుతారా?”

“మా నాన్న బిల్డింగ్ ప్లాన్లు గీస్తారు. పాత కంప్యూటర్ మొరాయిస్తోంది. నేను పనిచేసే సర్వర్ హాల్లో ఈ మిషన్‌ని తీసేస్తుంటే అడిగి ఇంటికి తెచ్చుకున్నాను.”

డాక్టర్‌కి నవ్వొచ్చింది. ఆపుకోవాలి కదా! ఆపుకోలేదు.

“ఎందుకా నవ్వు?”

“ఏం లేదండీ. ఒక్క కప్పు కాఫీ పెట్టడానికి అరవై నలుగురు వంటవాళ్ళని పిలిచినట్టుంది. పాలు కాచేది ఒక్కడే. మిగతా అరవై ముగ్గురూ గోడకి ఆనుకుని చూస్తుంటారు. ప్లాన్ గీసే సాఫ్ట్‌వేర్ చాలా పనులకి ఒక్క కోరే వాడుకుంటుంది. మా ఎనిమిది కోర్ల డెస్క్‌టాప్‌లో ఒక్కోటీ చురుకైన వంటవాడు. స్పీడు చూస్తే మీ సర్వర్ వాళ్ళకి దాదాపు రెట్టింపు.”

“వెయ్యి మందికి కాఫీ పెట్టాల్సి వస్తే?”

“మీ నాన్నగారు వెయ్యి ప్లాన్లు ఒకేసారి గీస్తారా?”

ఆమె ముక్కుపుటాలు అదిరాయి. చీటీ లాక్కుని విసురుగా వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, “ఎనిమిది కోర్లకే ఇంత పొగరా!” అని మరీ వెళ్ళింది.

“ఒరేయ్,” అంది మేనత్త తాపీగా, “మళ్ళీ వస్తుంది.”

రానే వచ్చింది. రెండో రోజు కేబుల్ కోసం. నాలుగో రోజు ఆ కేబుల్ పొట్టిదైందని. ఆరో రోజు పొడవైందని. దుమ్ము తుడిచే బ్రష్ కోసం ఒకసారి, ఆ బ్రష్ ఎలా వాడాలో అడగడానికి ఇంకోసారి. వేల మిషన్లున్న సర్వర్ హాల్‌ని ఒంటిచేత్తో చూసుకునే మనిషికి బ్రష్ వాడటం రాదంటే ఎవరైనా నమ్ముతారా? డాక్టర్ నమ్మాడు. పాపం, అతను కంప్యూటర్ల డాక్టరే గానీ మనుషుల సంగతి అతనికి తెలిస్తే కదా!

మేనత్త ఆమెకి ‘అరవై నాలుగు’ అని పేరు పెట్టేసింది. “అరవై నాలుగు వస్తోందిరోయ్, తల దువ్వుకో!” అని కౌంటర్లోంచి కేక పెట్టేది. ఆమె ఊరుకుంటుందా? డాక్టర్‌ని ‘ఎనిమిది గారూ’ అనడం మొదలుపెట్టింది.

ఒకరోజు బెంచీ వెనక గోడ చూసి ఆగిపోయింది. గోడ నిండా వరసలు వరసలుగా పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో తేదీ.

“ఇవేంటండీ?”

“ప్రాసెసర్ మీద కూలర్ కూర్చోబెడతాం కదా, వేడి లాగెయ్యడానికి. కొత్త కూలర్ అడుగున ఈ పొర ఉంటుంది. పీకి బిగించాలి. పీకకపోతే వేడి పైకి పోదు, ప్రాసెసర్ ఉడికిపోయి నత్తలా నడుస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో ఒకసారి మర్చిపోయి చీవాట్లు తిన్నాను. అప్పట్నుంచి ఒట్టు పెట్టుకున్నా. పీకిన పొర గోడకి అంటించి తేదీ వేస్తే గానీ మూత బిగించను.”

“ఒక్కసారి కూడా మర్చిపోలేదా?”

“ఐదేళ్ళలో ఒక్కసారి కూడా లేదు.”

“అంత ఏకాగ్రతా!” ఆమె కళ్ళు పెద్దవి చేసింది. ఆ కళ్ళ ముందు ఎంతసేపు నిలబడ్డాడో డాక్టర్‌కే తెలియదు. మేనత్త మాత్రం గడియారం చూసి లెక్కపెట్టింది.

ఆరోజే పందెం పడింది. వేసింది ఆమే.

“శనివారం పొద్దున్న మా నాన్న ఆఫీసుకి మీ డెస్క్‌టాప్ బిగించి తీసుకురండి. నా సర్వర్ కూడా అక్కడికే తెస్తాను. ఒకే ప్లాన్, పన్నెండంతస్తుల భవనం. ఎవరి మిషన్ ముందు పూర్తి చేస్తే వాళ్ళదే గెలుపు. మీరు ఓడితే ఈ వాదన అక్కడితో సరి. నేను మళ్ళీ మీ షాపు గుమ్మం తొక్కను.”

డాక్టర్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. “గెలిస్తే?”

“గెలిస్తే ఒక్క కప్పు కాఫీ. నేనిప్పిస్తాను. ఎదురెదురుగా కూర్చుని తాగుదాం.”

ఆమె వెళ్ళాక అతను చాలాసేపు స్క్రూడ్రైవర్‌తో బెంచీ మీద తాళం వేస్తూ కూర్చున్నాడు. గెలవాలి. తప్పదు. ఆమె రాని షాపు ఎలా ఉంటుందో ఊహించుకుంటే, కరెంటు పోయిన కంప్యూటర్‌లా ఉంది.

శుక్రవారం సాయంత్రం మిషన్ బిగించడం మొదలెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆమె వచ్చింది.

“మోసం జరగకుండా చూడాలి కదా,” అని బెంచీ పక్కన నిలబడి టార్చ్ పట్టుకుంది.

టార్చ్ వెలుతురు మదర్‌బోర్డు మీద పడాలి. సగం సేపు అతని చేతుల మీద పడింది. ఇంకాసేపు మొహం మీద పడింది. “కళ్ళల్లో కొడుతోందండీ,” అంటే, “అయ్యో సారీ,” అని నవ్వి మళ్ళీ అక్కడే వేసింది. ఆమె జడ కొస ఒకసారి అతని మోచేతికి తగిలింది. ఆ తర్వాత ఏ స్క్రూ ఎక్కడ బిగించాడో దేవుడికే తెలియాలి.

మిషన్ లేచింది. మామూలుగా అయితే అరగంట వేడి పరీక్ష పెట్టి గానీ వదలడు. కానీ బయట వాన దంచి కొట్టడం మొదలైంది. ఆమె గుమ్మంలో నిలబడి చెయ్యి చాపి చినుకులు పట్టుకుంటోంది.

“గొడుగు మర్చిపోయాను. బస్టాప్ దాకా ఎలా వెళ్ళాలో ఏమో,” అంది, వానతో చెబుతున్నట్టు.

మేనత్త ఉన్న ఒక్క గొడుగూ తీసి డాక్టర్ చేతిలో పెట్టింది. అతను మిషన్ ఆపేసి, మూత బిగించేసి ఒక్క గెంతు గెంతాడు. గొడుగు ఇద్దరికి చాలదు. అతను తడిసిన వైపు ఎడమ, ఆమె తడిసిన వైపు కుడి. మధ్యలో మాత్రం పొడిగా, వెచ్చగా ఉంది. ఎదురుగా రెండు బస్సులు వచ్చి వెళ్ళిపోయినా ఆమె ఎక్కలేదు. “అవి మా వైపు వెళ్ళవు,” అంది. వెళ్తాయని డాక్టర్‌కి తెలుసు. నోరు మెదిపితే ఒట్టు!

శనివారం. నాన్నగారి ఆఫీసులో పెద్ద టేబుల్, గోడల వారన చుట్టలు చుట్టలుగా కాగితాలు. నాన్నగారు మాట తక్కువ మనిషి. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, స్టాప్‌వాచ్ పట్టుకుని కుర్చీలో సర్దుకున్నారు.

ముందు సర్వర్ ఆన్ చేశారు. అమ్మో, ఆ చప్పుడు! ఫ్యాన్లు ఒక్కసారిగా రొద పెట్టాయి. పక్క గదివాళ్ళు తలుపు తట్టి, “ఏమన్నా గోడ పగలగొడుతున్నారా?” అని అడిగి వెళ్ళారు. అది నిద్ర లేవడానికే ఆరు నిమిషాలు పట్టింది.

“ఒళ్ళు విరుచుకుంటోంది,” అన్నాడు డాక్టర్.

“హోదా ఉన్నవాళ్ళు నిదానంగానే లేస్తారు,” అంది ఆమె.

“ఊఁ, కానివ్వండి,” అన్నారు నాన్నగారు.

పందెం మొదలైంది. ఒక్కో అంతస్తూ తెరిచి, గీతలన్నీ సరిచూసి, పై అంతస్తుకి వెళ్ళాలి. డెస్క్‌టాప్ ఒకటి, రెండు, మూడు అంతస్తులు చకచకా ఎక్కేసింది. సర్వర్ ఇంకా రెండో అంతస్తులోనే ఉంది. డాక్టర్‌కి అప్పుడే కాఫీ వాసన వస్తోంది.

నాలుగో అంతస్తులో డెస్క్‌టాప్ నడక మందగించింది. ఐదులో ఈడ్చుకుంటోంది. ఆరులో ఊపిరాడనట్టు ఆగిపోయింది. సర్వర్ మాత్రం తన మానాన తను నడుచుకుంటూ నాలుగు, ఐదు, ఆరు దాటి ఏడుకి వెళ్ళిపోయింది.

డాక్టర్ మౌస్ వదిలేశాడు. అయిపోయింది. ఇంక షాపులో బెంచీ, తను, మేనత్త, అంతే. తలెత్తి ఆమె వైపు చూశాడు. గెలుస్తున్న మనిషి కదా, ఎగిరి గంతెయ్యాలి! ఆమె మొహంలో కత్తివాటుకి నెత్తుటి చుక్క లేదు.

“ఆపండి!” అని అరిచింది. “నాన్నా, వాచ్ ఆపు!”

“నువ్వే కదమ్మా గెలుస్తున్నావు!”

“అందుకే ఆపమంటున్నా!”

గబగబా వచ్చి డెస్క్‌టాప్ స్క్రీన్ మీద వేడి ఎంతుందో తెరిచి చూసింది. వంద డిగ్రీలు. నడుం మీద చేతులు పెట్టుకుని డాక్టర్ వైపు తిరిగింది.

“మీ అత్తయ్యగారికి ఫోన్ చెయ్యండి. స్పీకర్ పెట్టండి.”

“ఇప్పుడు అత్తయ్యెందుకండీ?”

“చెయ్యండి ముందు!”

ఫోన్ మోగింది. “ఆంటీ, నేను. బెంచీ వెనక గోడ మీద నిన్నటి తేదీ వేసిన ప్లాస్టిక్ ముక్క ఉందా?”

అటునుంచి కుర్చీ జరిపిన చప్పుడు, చెప్పుల చప్పుడు. “లేదమ్మా అరవై నాలుగూ. మొన్నటిది ఉంది. దాని పక్కన ఖాళీ.” ఆ తర్వాత కిసుక్కుమని నవ్వు. “ఐదేళ్ళలో ఇదే మొదటి ఖాళీ తల్లీ!” అని ఫోన్ పెట్టేసింది.

డాక్టర్ చెవులు ఎర్రబడ్డాయి. మిషన్ ఆపేసి, మూత విప్పి, మిషన్ చల్లారాక కూలర్ పైకెత్తాడు. అడుగున ఉంది ఆ పొర. తళతళలాడుతూ, చెక్కు చెదరకుండా.

“ఐదేళ్ళు మర్చిపోని మనిషి నిన్న ఎలా మర్చిపోయాడండీ?” అంది ఆమె. గొంతులో కోపమే ఉంది గానీ, అది నిలబడలేక తూలుతోంది.

డాక్టర్ నాన్నగారి వైపు చూశాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఇంక దాచి ఏం లాభం?

“నిన్న టార్చ్ మీరు పట్టుకున్నారు కదా. ఆ వెలుతుర్లో నాకు కూలర్ కనబడలేదు. మీరే కనబడ్డారు. పొర పీకాలన్న ధ్యాసే లేదు. అరగంట వేడి పరీక్ష కూడా పెట్టలేదు. వాన పడుతోంది, మీరు వెళ్ళిపోతారేమోనని. మీరంటే నాకు చాలా ఇష్టమండీ. ఎనిమిది కోర్లకీ ఆ ఒక్క పనే.”

గది నిశ్శబ్దమైపోయింది. అంటే, సర్వర్ రొద తప్ప.

“బుద్ధుందా నీకు?” అంది ఆమె. మీరు కాస్తా నువ్వైపోయింది, ఆమె గమనించనే లేదు. “ఈ మిషన్ ప్లాన్లకి పనికిరాదని ఇంటికి తెచ్చిన రెండో రోజే తెలిసిపోయింది నాకు. ఓడిపోవాలనే పందెం వేశాను! కాఫీ నేనిప్పిస్తానన్నది ఎందుకనుకున్నావు? ఓడిపోవడానికి ఇంత కష్టపడితే, నువ్వేమో గెలవడం చాతకాక...”

మిగతా మాట అక్కడే ఆగిపోయింది. ఏం అనేసిందో అప్పటికి అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకుంది.

“మరి ఆ బ్రష్...” అన్నాడు డాక్టర్, నోరు తెరుచుకుని.

“బ్రష్ వాడటం రాకపోవడమేంటి నా మొహం!”

నాన్నగారు దగ్గారు. “అమ్మలూ, నా పని సంగతి ఏమైనా ఉందా, లేదా?”

ఇద్దరూ ఉలిక్కిపడి మిషన్ మీద పడ్డారు. పొర ఆమె పీకింది. వేడిని కూలర్‌కి అందించే పేస్టు అతను రాశాడు. టార్చ్ మాత్రం ఈసారి నాన్నగారు పట్టుకున్నారు, కదలకుండా. రెండింటినీ మళ్ళీ మొదటినుంచి పరుగు పెట్టిస్తే డెస్క్‌టాప్ పన్నెండో అంతస్తు ఎక్కి కూర్చునేసరికి సర్వర్ ఏడులో ఉంది.

“మరి పూర్తయిన భవనాన్ని లోపలా బయటా తిప్పి వీడియో చెయ్యాలంటే?” అడిగారు నాన్నగారు. “నాకు అదీ కావాలి.”

ఆమె కళ్ళు మెరిశాయి. ఆ పని రెండింటికీ ఇచ్చారు. అరవై నాలుగు కోర్లూ ఒక్కసారిగా రంగంలోకి దిగాయి. సర్వర్ ఆరు నిమిషాల్లో ముగించింది. డెస్క్‌టాప్ అప్పటికి నాలుగో వంతు కూడా చెయ్యలేదు.

“వెయ్యి కప్పుల కాఫీ!” అంది ఆమె.

“ఒప్పుకున్నా,” అన్నాడు డాక్టర్. అంత సంతోషంగా ఓటమి ఒప్పుకున్నవాణ్ణి ఆ గది ఎన్నడూ చూసి ఉండదు.

నాన్నగారు లేచారు. “చిన్నది నా టేబుల్ మీద ఉంటుంది. ఆ అరిచేది వెనక గదిలో. రెండింటికీ మధ్య వైర్ లాగాలి. పొడవెంతో మీరిద్దరే కొలుచుకోండి. తొందరేం లేదు బాబూ, ముందు కాఫీ తాగి రండి. వచ్చే ఆదివారం మీ అత్తయ్యగారిని మా ఇంటికి తీసుకురా. నేను మాట్లాడాలి.”

‘అలాగేనండీ’ అనాల్సింది డాక్టర్. ఆమే అనేసింది, అతని బదులు.

సాయంత్రం ఇద్దరూ షాపుకి వచ్చారు. ఆమె బ్యాగులోంచి ఆ ప్లాస్టిక్ పొర తీసి, గోడ మీద ఖాళీలో జాగ్రత్తగా అంటించింది. దాని మీద నిన్నటి తేదీ వేసింది.

“పీకింది ఇవాళ కదా,” అన్నాడు అతను.

“మర్చిపోయింది నిన్న. నాకు ఆ రోజే కావాలి.”

మేనత్త కౌంటర్లోంచి తొంగి చూసి, బెంచీ పక్కకి ఇంకో కుర్చీ తెచ్చి వేసింది. “కూర్చో అమ్మా. ఇంక బ్రష్‌లూ కేబుళ్ళూ కొనక్కర్లేదు.”