లంగరు గదిలో గొంతు

పాత పోర్టు వెనక వీధిలో ఒక చిన్న మ్యూజియం ఉంది. దాంట్లో చిట్టచివరిది లంగరు గది. ఆ గదికి మంచి పేరు లేదు. పొద్దుగూకాక అటు వెళ్తే చీకట్లోంచి ఆడపిల్ల గొంతు పిలుస్తుందంటారు. ఫ్యాను బాగుచేయడానికొచ్చిన మనిషి సామానంతా అక్కడే వదిలేసి పరుగెత్తాడట. పాత స్వీపరమ్మకి మూడు రోజులు జ్వరం కాసి, మళ్ళీ పనిలోకే రాలేదట.

రోజలిన్‌కి ఇవన్నీ చెప్పింది వాచ్‌మన్ కరీం బాషా.

జూన్‌లో ఆమె ఇన్‌చార్జిగా చేరిన రోజే, తాళాలు చేతిలో పెడుతూ గొంతు తగ్గించి అన్నాడు — “ఐదు దాటాక ఆ గదిలోకి ఎల్లకండి మేడమ్. ఎవర్నీ పంపకండి. నాను సూసుకుంటాను.”

“ఏముంది బాబాయ్ అందులో?”

“ఉన్నాది మేడమ్... ఉన్నాది.”

అంతే. గేటు వైపు వెళ్ళిపోయాడు. రోజలిన్ నవ్వుకుంది గానీ, ఐదు దాటాక మాత్రం అటు వెళ్ళలేదు.

ప్రతి శనివారం నలుగురు తొమ్మిదో తరగతి పిల్లలు స్కూలు తరఫున మ్యూజియానికి వచ్చేవారు. ఏడాదికో బ్యాచ్. వీడియో తీయడం, మాట రికార్డు చేయడం, ఎడిటింగ్ నేర్పి, వాళ్ళ చేతే మ్యూజియం మీద ఓ చిన్న సినిమా తీయించాలి. సినిమా దాదాపు అయిపోయింది. లంగరు గది ఒక్కటే మిగిలింది. వారం వారం పిల్లలు ఏదో ఒక వంకతో దాన్ని వాయిదా వేస్తూ వచ్చారు.

ఆ సెప్టెంబరు శనివారం వాన పట్టుకుంది. ఆరైనా వదల్లేదు. పిల్లలు ఇళ్ళకి వెళ్ళే దారిలేదు. ఊరికే కూర్చోవడమెందుకని రోజలినే పంపించింది — “వెళ్ళండి, పది నిమిషాల పని. దెయ్యం లేదు, ఏం లేదు.”

వెళ్ళారు. కాసేపటికి కరెంటు పోయింది.

మరుక్షణం కేకలు... పరుగులు... నలుగురూ ఒకరి మీద ఒకరు పడుతూ వచ్చారు. అందరికంటే ధైర్యస్తురాలు ఆశాజ్యోతి. ఆ పిల్లే వచ్చి రోజలిన్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“పిలిసింది మేడమ్... దగ్గరికి రమ్మంది...”

కెమెరా స్టాండు మీదే ఉండిపోయింది. అది స్కూలు కెమెరా. పాడైతే వచ్చే ఏడాది పిల్లల్ని పంపరు.

వాన తగ్గాక అమ్మానాన్నలొచ్చి పిల్లల్ని తీసుకెళ్ళారు. రోజలిన్ గేటు వైపు చూసింది. కరీం బాషా కుర్చీ ఖాళీగా ఉంది. కుర్చీకి గొడుగు వేలాడుతోంది. మనిషి మాత్రం లేడు.

ఒక్కతే వెళ్ళింది.

ఫోను వెలుతురు రెండడుగులు కూడా దాటడం లేదు. ఎక్కడో చూరునుంచి నీళ్ళు చుక్కచుక్కగా పడుతున్నాయి. గది గడప దాటింది. నాలుగడుగులు. కెమెరా స్టాండు చేతికి తగిలింది —

“ఆగండి...”

మెత్తని గొంతు. చిన్నపిల్లది.

“నన్ను సూడకుండా ఎల్లిపోతన్నారేటి?... నాను శానా ఏళ్ళు నీళ్ళ కిందే ఉన్నాను. అక్కడంతా సీకటి. నా కోసం ఎవరూ రానేదు... మీరొచ్చారు. కొంచెం దగ్గరికి రండి...”

రోజలిన్ ఉన్నచోటే ఉండిపోయింది. ‘ప్రభువా... ప్రభువా...’ అన్న మాట తప్ప నోటికి ఇంకేదీ రాలేదు.

కదల్లేకపోయింది కాబట్టే, అందాకా ఎవరూ ఆగి వినని మిగతా ముక్క ఆమె వింది.

“...నాను లంగరుని. నా బరువు తొమ్మిది వందల కిలోలు. నన్ను ముట్టుకోవచ్చు. కానీ నా మీదికి ఎక్కకూడదు!”

ఫోను అటు తిప్పింది. తుప్పుపట్టిన లంగరు మొదట్లో చిన్న స్పీకరు పెట్టె. దాని పక్కన, లంగరుకి వీపు ఆనించి, నేల మీద కరీం బాషా. గడ్డమంతా తడిసిపోయి ఉంది. వానకి కాదు.

“మీరూ జడిసి పారిపోతారనుకున్నాను మేడమ్.”

“ఎవరు బాబాయ్... ఆ అమ్మాయి?”

“నర్గీస్. మా పాప. రెండేళ్ళ కిందట ఈ పిల్లల్లాగే శనివారాలు వచ్చేది. ఎవరైనా ముందుకొస్తే దానంతటదే మాటాడే పెట్టె ఇది. ఆల్ల బ్యాచే సేసింది. ఆ ఆగస్టులో డెంగ్యూ... నాలుగు రోజులు. అంతే మేడమ్.”

వాన మళ్ళీ మొదలైంది.

“నాకు రేడియోలు బాగుసేసే కొట్టుండేది. పెట్టె పాడైంది, పారేత్తారని తెలిసి, కొట్టు మూసేసి ఇక్కడ వాచ్‌మన్‌గా సేరాను. దీన్ని బాగుసేసి, కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీ పెట్టుకున్నాను. పగలు ఆపేత్తాను. ఐదు దాటాక పెడతాను.”

“మరి దెయ్యమని...”

“జడిస్తే ఎవరూ ముట్టుకోరు గదమ్మా.” రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. “నా కూతుర్ని... నానే దెయ్యాన్ని సేసాను.”

రోజలిన్ తడి నేల మీదే అతని పక్కన కూర్చుంది. పెట్టె ముందు చెయ్యి ఆడించింది. నర్గీస్ మళ్ళీ మొదట్నుంచీ చెప్పింది. మధ్యలో రెండుచోట్ల మాట తెగిపోయింది.

“ఈమద్ది ఇలాగే తెగిపోతన్నాది మేడమ్,” అన్నాడు. “ఎన్నాళ్ళుంటదో.”

“పిల్లలకి చెప్దాం బాబాయ్. కాపీ తీసి దాస్తారు.”

మరుసటి శనివారం అతని అనుమతితోనే పిల్లలకి అంతా చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఆశాజ్యోతి పెట్టె విప్పి, లోపలి మెమరీ కార్డు జాగ్రత్తగా తీసి లాప్‌టాప్‌లో పెట్టింది. అందరూ విన్న ఫైలు కనిపించింది. దాని కింద ఇంకొకటి ఉంది. రెండేళ్ళుగా దాన్ని ఎవరూ తెరవలేదు.

“నొక్కనా తాతా?”

కరీం బాషా తలూపాడు.

ముందు దగ్గు. తర్వాత ఆడపిల్ల పకపకా నవ్వు. “సారీ, సారీ... ‘ఎక్కకూడదు’ అన్నకాడ నవ్వొచ్చేస్తంది.” ఎవరో అబ్బాయి విసుక్కుంటూ మళ్ళీ మొదట్నుంచి చెప్పమన్నాడు. “ఇదే ఆఖరు, ఆ! తొందరగా అవగొట్టండి. గేటు కాడ మా అబ్బా నా కోసం ఎదురు సూత్తన్నాడు...”

ఆశాజ్యోతి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

కరీం బాషా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. లాప్‌టాప్ మీదికి వంగి, నిద్రపోయే పిల్లతో మాట్లాడినట్టు మెల్లగా అన్నాడు —

“తొందరేటీ నేదు బేటీ... నాను ఉంటాను.”