జయభద్రం కాలు వెనక్కి తీసిన తీరం

తెరచాపలన్నీ ఒక్కసారిగా విచ్చుకున్న ఆ ఉషఃకాలాన, మకరపురి రేవు విడిచి సాగుతున్న నౌకాసేనను కన్నులారా చూడడానికి నగరమంతా కోటగోడలెక్కి నిలువగా, భేరీల మోత ముందు సముద్రపు హోరే చిన్నబోయింది. నెలల తరబడి శత్రువుల ముట్టడిలో అన్నానికి మొహంవాచిన శంఖదీవి కోటను విడిపించడానికి పోతున్న సేన అది. ఆ కోటను కాస్తున్నది దళపతి కాటయ నాయకుని ఏకైక పుత్రిక ఏచమ.

కాని ఆ ఓడల నడుమ, ప్రతి అలకూ ఒరుగుతూ, ఒక పెద్ద బల్లకట్టు పోతోంది. దాని మీద బంగారు అంబారీతో పట్టపుటేనుగు జయభద్రం. పరభూమిపై మొదట పట్టపుటేనుగు పాదం మోపవలె, ఆ వెనుకనే సేన దిగవలె. మకరపురి రాజుల ఆచారమది.

ముందునాడే కొలువులో కాటయ చేతులు జోడించి మొరపెట్టుకున్నాడు.

"దేవరా! నేలమీది యుద్ధాలకు పుట్టిన ఆచారమిది. దీవి చుట్టూ బురద. సముద్రం పోటు మీద ఉన్నంతసేపే మన పడవలు కోట దాకా పోగలవు. ఏనుగు కోసం ఆగామా, నీరు తీసేస్తుంది. ఈ ఒక్కసారికి దానిని ఇక్కడనే ఉంచండి."

మహామంత్రి పేరయ నవ్వాడు. ఏనుగు ముందు దిగితే, అంబారీలో రాజప్రతినిధిగా కూర్చునే తనదే విజయం, లేకుంటే కాటయది.

"కూతురి మీది బెంగతో నాయకునికి వంశాచారమే బరువైపోయింది ప్రభూ! రేపు సింహాసనం కూడా బరువంటాడు కాబోలు."

"సముద్రం తమరి కొలువులో జీతగాడు కాదయ్యా అమాత్యా, ఆగమంటే ఆగడానికి!"

"చాలు," అన్నాడు రాజు వీరమార్తాండుడు. "ఏనుగు దిగనిదే ఒక్కడూ దిగరాదు. మాట ఇమ్ము, నాయకా."

కాటయ ఇచ్చాడు. ఇవ్వకుంటే సేనాపత్యం పోతుంది. అది పోతే ఏచమ కోసం పోయేవాడెవడు?

పోటు నిండుగా ఉండగానే ఓడలు దీవిని చేరాయి. బురుజు మీదనుంచి ఏచమ తెరచాపలను చూసింది.

"నాన్న వచ్చాడర్రా! తలుపులు తీయండి! అటునుంచి వాళ్లు, ఇటునుంచి మనం. లేవండి!"

నిలబడే ఓపిక లేనివారు సైతం కత్తులు పట్టి ఆమె వెంట ఉరికారు.

తీరాన బల్లకట్టు ఆనింది. జయభద్రం తొండంతో బురదను తడిమి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. మావటి బతిమాలాడు, అంకుశంతో పొడిచాడు. కదలలేదు. ఆ బురద తనను మోయదని దానికి తెలుసు, తెలియనిది మనుషులకే!

"నాయకా, ఆజ్ఞ!" అని పడవల్లో సైనికులు గొంతులు చించుకున్నారు. కాటయ ఏనుగును చూశాడు, కూతురిని చూశాడు. పడవల కింద నీరు తీసేస్తోంది. చివరకు, "నా మాట మంటగలవనీ, దిగండి!" అని దూకాడు.

నడుము లోతు బురద. పడవలు ఒరిగిపోయాయి. బాణాల వాన కురిసింది. కోట వాకిట ఏచమ కూలిపోతూ సముద్రం వైపే చూసింది. తండ్రి అంత దగ్గరకు వచ్చి ఎందుకు ఆగిపోయాడో ఆమెకు చెప్పేవారెవరూ లేకపోయారు. మిగిలిన కొద్దిమందితో కాటయ లోతున నిలిచిన ఓడలకు చేరి మకరపురికి తిరిగి వచ్చాడు.

ఏనుగును వదిలి చిన్న పడవలో పారిపోయి వచ్చిన పేరయే కొలువులో గొంతెత్తాడు. "నాయకుడు ఏనుగు కన్న ముందు దిగి దైవకోపం తెచ్చాడు ప్రభూ!"

"నేరం చేశాను దేవరా," అన్నాడు కాటయ, కత్తిని సింహాసనం మెట్టుపై ఉంచి. "ముందుగా దిగడం కాదు నా నేరం. ఆలస్యంగా దిగడం. మీకిచ్చిన మాట నిలుపుకుంటూ నా బిడ్డ చావును చూస్తూ నిలబడ్డాను."

రాజు తల వంచుకున్నాడు. అంతలో వేగువాడు పరుగున వచ్చాడు: బురదలో వదిలివచ్చిన మన పడవల మీదనే, పోటుతో పాటు, శత్రువులు రేవుకు వస్తున్నారు.

"నాయకా..." అంటూ రాజు సింహాసనం దిగి వచ్చాడు.

కాటయ కత్తి తీసుకున్నాడు. "అడగనక్కరలేదు దేవరా. ఈ ఊళ్లో ఇంకా కూతుళ్లున్నారు."

ఊరి ఆడవారు, పిల్లలు కొండదారి పట్టేదాకా రేవు వాకిలిని కాచి, అక్కడనే ఒరిగాడు.

మకరపురిని వెక్కిరించడానికి శత్రువులు జయభద్రాన్నే ముందు నడిపించారు. వాకిట కాటయ దేహం దగ్గర అది ఆగింది. తొండంతో తడిమి, ఎత్తిన కాలు వెనక్కి తీసుకుంది. మావటి పొడిచాడు. కదలలేదు.

శత్రుసేనాని నవ్వి చెయ్యి ఊపాడు. ఆ సేన ఏనుగు కోసం ఆగలేదు. దానికి అటూ ఇటూ చీలి, మకరపురిలోకి నడిచిపోయింది.