కదలని డెబ్బై రెండు

2004 జూలై. ఆ పొద్దు తెల్లారినా ఆకాశం రంగు మారలేదు. సముద్రం వైపు నుంచి బూడిద మబ్బు పలాస మీదికి వచ్చి, కురవకుండా నిలబడిపోయింది.

సెల్‌ఫోన్లో ఇంటెలిజెన్స్ చీఫ్ తారకేశ్వరరావు అప్పలసూరికి క్లుప్తంగా చెప్పాడు. "సాక్షి నూకాలమ్మ. నౌపడ ఉప్పు మడుల దగ్గర పడవ దిగిన విదేశీ ఏజెంటు మొహం చూసింది ఆమె ఒక్కతే. పారిపోతూ పడి తుంటి విరిగింది. ఈరోజే ఆపరేషన్. ఆ ఏజెంటు మనుషులు చంపితే విచారణ మొదలవుతుంది. మతి పోగొడితే వాళ్లకు చాలు."

అప్పలసూరి టెక్నీషియన్ వేషంలో ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లోకి వెళ్లాడు. మత్తు డాక్టరు మోహిని కూడా డిపార్ట్‌మెంటు ఏజెంటే. ఆరేళ్లుగా కలిసి పనిచేసిన మనిషి. మాస్కు వేసుకున్నా అందగత్తె అని తెలిసిపోతుంది. మెదడులో ఆక్సిజన్ కొలిచే మానిటర్ ఆమే తెచ్చింది.

అప్పలసూరి దాని రెండు సెన్సర్ అట్టలు నూకాలమ్మ నుదుటికి అంటించాడు.

"ఏటి బాబూ, ఇరిగింది తుంటయితే నుదుటికి అంటిత్తన్నావు?" అంది నూకాలమ్మ.

"నీ తెలివికి కాపలా, అప్పా."

"ఉంటే కదా పోడానికి!" నవ్వుతూనే మత్తులోకి జారింది.

రక్తంలో ఆక్సిజన్ చూపే వేలి క్లిప్పు తొంభై ఎనిమిది. మెదడు అంకె డెబ్బై రెండు. నలభై నిమిషాలైనా డెబ్బై రెండే.

అప్పలసూరి ఆమె నుదురు చూశాడు. బెస్తవాళ్లలో ఆమె ఈడు ఆడవాళ్లకు ఉన్నట్టే, కనుబొమల దాకా పాకిన పచ్చబొట్టు. ఎడమ అట్ట దాని మీదే పడింది. పొరపాటు తనదే. ఆ నలుపు, సెన్సర్ కొలవడానికి పంపే వెలుగును మింగేస్తుంది. అంకె పడిపోవాలి, లేదా అసలు రాకూడదు.

అట్టలు రెండూ పీకేశాడు. అప్పటికీ తెర మీద డెబ్బై రెండే. అది కొలిచిన అంకె కాదు, ముందే పెట్టిన అంకె.

వెంటిలేటర్ వైపు తిరిగాడు. మోహిని పెట్టిన వేగం, నిమిషానికి ముప్పై ఊపిరులు. అంత జోరుగా ఊదితే వేలి అంకె బాగానే ఉంటుంది, మెదడుకు రక్తం తగ్గిపోతుంది. పన్నెండుకు తిప్పాడు. సంచిలోంచి అవసరానికి తెచ్చుకున్న తన మానిటర్ తీసి, పచ్చబొట్టు తప్పించి అంటించాడు.

నలభై ఒకటి. నలభై నాలుగు. యాభై మూడు. అరవై ఐదు.

"పచ్చబొట్టు సంగతి నీవాళ్లకి ఎవులూ సెప్పలేదేటి, మోహినీ?" అన్నాడు అప్పలసూరి.

"అది వెలుగు మింగుతుందని నాకే తెలీదు," అని చేతులు చాచింది. వేరే మత్తు డాక్టరును పిలిపించి, సంకెల వేశాడు. అతనికి కోపం రాలేదు. ఏదీ రాలేదు.

మెలకువ వచ్చాక నూకాలమ్మ నాలుగు ఫోటోల్లో మూడోదాని మీద వేలు పెట్టింది. "ఈడే. సెవి సూడు, సగమే ఉంది."

గంటలో ఇచ్ఛాపురం రైల్వే స్టేషన్లో వాణ్ణి పట్టుకున్నారు.

జీపు వచ్చేలోగా క్యాంటీన్లో రెండు పళ్లేలు వచ్చాయి. అన్నం, చేపల పులుసు. అప్పలసూరి మోహిని కుడిచేతి సంకెల విప్పాడు. ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. మోహిని ఎప్పటిలాగే తలకాయ ముక్క తీసి అతని పళ్లెంలో వేసింది. అతను ఒకసారి వాసన చూసి, తిన్నాడు.